తూకం తప్పిన గోడ

స్నానాలగది తలుపు సగం తెరుచుకుని కుళాయికి తగిలి ఆగిపోయింది. లోపలున్న కోడలు ఊపిరి బిగబట్టి, పక్కకి తిరిగి, కొంగు ఇరికించుకుని ఎలాగో బయటపడింది.

"ఏవండీ, ఇది స్నానాలగదా, ఎలకల బోనా?"

మొగుడు తల గోక్కున్నాడు. "కుళాయి సంగతి మర్చిపోయానే. విప్పేసి మళ్ళీ బిగిస్తాలే."

'మళ్ళీ' అన్న మాట వింటేనే ఆమెకి ఒళ్ళు మండుతోంది. వంటగది నేలకి వాలు తూము వైపు కాకుండా హాల్లోకి పెట్టాడు, తవ్విపోశాడు. ద్వారబంధం తలకిందులుగా నిలబెట్టాడు, పీకేశాడు. చివరి గది గోడ రెండుసార్లు లేచింది, రెండుసార్లూ పడింది. వర్క్‌షాపులో వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకు వెనక్కి కొట్టే మనిషి, సొంతింటి దగ్గరికొచ్చేసరికి గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేస్తున్నాడు.

ఇంటిముందు రేకుల పాకలో మామగారి మంచం. ఆయన తాపీ మేస్త్రి. బతుకంతా ఊరందరికీ ఇళ్ళు కట్టి, తను మాత్రం అద్దె కొంపల్లోనే ముసలివాడయ్యాడు. కట్టేవాడికి కప్పుండదు, లోకం తీరే అంత. ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా ఆ సిమెంటు దుమ్మే. వానలు మొదలయ్యేదాకా ఉంటే గొప్పే అన్నాడు డాక్టరు.

"అదేం కుదరదు డాక్టరుగారూ," అంటూ ముసలాయన దగ్గుతూనే నవ్వాడు. "నా ఇల్లు పూర్తయ్యేదాకా యముడొచ్చినా గుమ్మం బయటే నిలబెడతా. సొంతింట్లో ఒక్క రాత్రి పడుకున్నానా, ఇక ఆయన్ని ఆపను."

వానలొచ్చాయి, పోయాయి. ముసలాయన ఎముకల గూడయ్యాడు. ఇల్లు మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే ఉంది.

ఆదివారం పొద్దున్నే కోడలి అన్న ఇద్దరు మేస్త్రీల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"బావా, ఇక ఆ తాపీ కింద పెట్టు. వీళ్ళు వారంలో ముగించేస్తారు."

"వద్దు బావా. నా ఇల్లు నేనే కట్టుకుంటా."

"కనబడుతూనే ఉందిగా! నీ గోడకి నీడ కూడా వంకరే."

మేస్త్రీలు మొహాలు తిప్పుకుని నవ్వారు.

"నవ్వుకోండి. నవ్వేశాక దయచేయండి."

"మొండికేయకు బావా. పెద్దాయన ప్రాణం ఈ ఇంటి కోసమే కొట్టుకుంటోంది. ఆ ఒక్క ముచ్చటా తీర్చలేవా?"

అతను ఇటుకల మీద నీళ్ళు చల్లుతూ కూర్చున్నాడు. వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు. ఆమె తన అన్న మొహం చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

పాకలోంచి ముసలాయన గొంతు వినిపించింది. "ఒరేయ్, గోడ నిటారుగా ఉందో లేదో తూకం గుండు వేసి చూశావా? మేస్త్రి కడుపున పుట్టి నా పరువు తీస్తున్నావు కదరా!"

"వేశాను నాన్నా. సరిగ్గానే ఉంది."

సాయంత్రానికి చివరి గది గోడ పైకప్పుని అందుకుంది. ఎన్నాళ్ళకో ఆమె మొహం విప్పారింది. పాకలోకి పరుగెత్తింది.

"మామయ్యా, గోడ నిలబడింది! ఇక తలుపులు బిగించడమే. ఎల్లుండి మీ మంచం లోపలే."

ముసలాయన చాలాసేపు కప్పుకేసి చూశాడు. "సంతోషం తల్లీ," అన్నాడు.

అంతలో ఇంట్లోంచి దభాలుమని చప్పుడు. ఆమె వెళ్ళేసరికి దుమ్ములో మొగుడు నిలబడి ఉన్నాడు. కాళ్ళ దగ్గర కుప్పగా ఇటుకలు.

"కాస్త ఆనుకున్నానే. పడిపోయింది."

"మీరు మనిషేనా?" ఆమె అరిచింది. "ఆయన ఏం అడిగారు మిమ్మల్ని? మేడలడిగారా, మిద్దెలడిగారా? సొంత కప్పు కింద ఒక్క నిద్ర! కన్నతండ్రికి అది కూడా దక్కనివ్వరా?"

అతను తల దించుకుని బయటికి నడిచాడు.

ఆమె ఏడుస్తూనే జావ కాచింది. గిన్నె పట్టుకుని పాక దగ్గరికి వెళ్ళి, గుమ్మానికి వేలాడుతున్న గోనెపట్టా తొలగించబోయి ఆగిపోయింది. మొగుడు తండ్రి మంచం పట్టె మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ముసలాయన వేళ్ళతో కొడుకు జుట్టులోని దుమ్ము దులుపుతున్నాడు.

"ఊరుకో నాన్నా, ఊరుకో," అన్నాడు ముసలాయన.

ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"రేపు ఏ గోడ పడగొడదాంరా?"