అడ్డొచ్చిన మొహం

డిస్క్ నిండిపోయిందని కంప్యూటర్ మళ్ళీ మొరాయించింది.

వీడియో ఎడిటర్ తల పట్టుకున్నాడు.

ఊరి చివర కొత్త వంతెన కడుతున్నారు. దానికెదురుగా ఓ పాత మేడ మీద, గాజు పెట్టెలో అతని కెమెరా ఉంది. పగలంతా గంటకో ఫోటో తీసి ఇక్కడికి పంపుతుంది. అవన్నీ వరసగా పరిగెత్తిస్తే, రెండేళ్ళ వంతెన రెండు నిమిషాల్లో లేచి నిలబడుతుంది. బాగానే ఉంది గానీ, ఆ ఫోటోలకి ఎన్ని డిస్కులు కొన్నా బకాసురుడికి బువ్వ పెట్టినట్టే.

పనికిరానివి తీసెయ్యాలి.

వాటికోసం వెతకక్కర్లేదు. రోజూ పొద్దున మొదటి ఫోటోలో వంతెన ఉండదు. ఫోటో నిండా ఓ ముసలి మొహం. కళ్ళు చికిలించి, బోసినోరు బార్లా తెరిచి, వెక్కిరింపు!

"ఈయనకి నేనే దొరికానా?"

విసుక్కుంటూ రెండేళ్ళ మొదటి ఫోటోలన్నీ ఒక్క దెబ్బకి చెరిపేశాడు. మళ్ళీ తిరిగిరాకుండా చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు.

మేడ యజమానికి ఫోన్ కొట్టాడు.

"మేడ మీద ఎవరో ముసలాయనండీ. రోజూ నా కెమెరా ముందు కోతి చేష్టలు!"

"పై గదిలో అద్దెకుండే పెద్దాయన. ఉత్త అమాయకుడు బాబూ."

"అమాయకుడైతే గదిలోనే ఉండమనండి. కెమెరా దగ్గరికి వెళ్ళే తలుపుకి తాళం వేసెయ్యండి."

"సరే, అలాగే."

మర్నాటి నుంచి మొహం రాలేదు. వంతెన ఒక్కటే వచ్చింది.

చిత్రం, ఎడిటర్‌కి పొద్దున్నే ఏదో వెలితి. ఒంటరి మనిషి. నిద్రలేచి చూసే మొదటి మొహం అదే మరి. తిట్టుకోవడానికైనా ఓ మనిషి ఉండేవాడు. ఆ మాట తనలో తను ఒప్పుకోవడానికి కూడా సిగ్గేసింది.

వారాలు గడిచేకొద్దీ ఫోటోలు మసకబారాయి. పొగమంచేమో అనుకున్నాడు. ఎండ మండిపోతున్నా ఆ మంచు పోలేదు. వంతెన ప్రారంభం చూస్తే దగ్గరపడింది. లెన్స్ పాడైందేమోనని మేడకి పరిగెత్తాడు.

పై గదిలోంచి ఒకావిడ తాళంచెవి తెచ్చింది.

"కెమెరా బాబు మీరేనా? నేను పెద్దాయన కూతుర్ని."

"ఆయనేరండీ?"

"నాన్న పోయి నెల దాటింది బాబూ. తాళం వేశాక కూడా పొద్దున్నే వచ్చి తలుపు లాగి చూసేవాడు."

ఎడిటర్ చూపు ఆవిడ చేతిలోని తాళంచెవి మీదికి పోయింది.

"నాన్న ఫోటోలు మీ దగ్గర బోలెడుంటాయి కదూ? మొండి మనిషి. నేను ఫోటో తీస్తానంటే పారిపోయేవాడు. మీ కెమెరా ముందుకి మాత్రం రోజూ వెళ్ళేవాడు. ఎందుకో నాకెప్పుడూ చెప్పలేదు. ఒక్కటివ్వండి బాబూ, గోడకి పెట్టుకుంటాను."

"చూసి... పంపిస్తానమ్మా."



ఆవిడ తలుపు తీసిపెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

లెన్స్‌కి ఏమీ కాలేదు. పెట్టె గాజు మీద దుమ్ము అట్టకట్టింది. పిట్టల రెట్టలు సరేసరి. ఎడిటర్ జేబురుమాలుతో రుద్దాడు. కొంత పోయింది, కొంత పోలేదు. దగ్గర్లో చుక్క నీళ్ళు లేవు. గాజుకి మొహం ఆనించి, కళ్ళు చికిలించి, నోరు బార్లా తెరిచి "హా..." అని ఆవిరి ఊది తుడిచాడు. ఇంకోసారి ఊదబోయాడు.

లోపల కెమెరా క్లిక్‌మంది.

కొత్త ఫోటో వచ్చిందని జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు.

వంతెన లేదు. ఫోటో నిండా కళ్ళు చికిలించి, నోరు బార్లా తెరిచిన తన మొహం.

తను చెరిపేసిన ప్రతి ఫోటోలోనూ ఆ పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, ఈ గాజునే తుడుస్తున్నాడు.