హారన్ వినబడే చోటు

అటకామా ఎడారి చూడాలని అమ్మమ్మ ఎర్మీనియా పట్టుబట్టింది. తీరా చూపిస్తే, పాడుపడ్డ సురేకారం గనుల ఊళ్లూ పాత కోటా ఏవీ ఆమెకు నచ్చలేదు. దారిలో చనిపోయినవాళ్ల గుర్తుగా రోడ్డుపక్కన కట్టిన రేకు గూడు కనబడినప్పుడల్లా మాత్రం, ఆ దారిన వెళ్లే అందరిలాగే, పోయినవాళ్లకు పలకరింపుగా హారన్ కొట్టించింది.

"ఇక్కడ బాగుందిగా?" అన్నాను కోట దగ్గర.

"లారీ తిరగని చోటేం బాగుంటుందే!"

"ఎడారికొచ్చింది లారీలు చూడ్డానికా, ముసలీ?"

పెద్దరోడ్డు మలుపులో కారు ఆపమంది. డిక్కీలోంచి, దుప్పట్లో చుట్టిన కొత్త రేకు గూడు తీసింది. దానిమీద, ఎప్పుడో సైనికులు పట్టుకుపోయిన ఆమె తమ్ముడి పేరు.

"ఎక్కడ చంపారో చెప్పలేదుగా. చోటు నేనే ఎంచాను. ఇక్కడైతే దారినపోయే ప్రతివాడూ వాణ్ణి పలకరిస్తాడు."

గూడు నిలబెట్టి కదిలాం. వెనక, గూడు దగ్గర, ఒక లారీ హారన్ కొట్టింది.

"ఇంజను ఆపవే," అంది అమ్మమ్మ. "తమ్ముడేం బదులిస్తాడో విననీ."