రెండో అంకె

"సున్నా ఏటి? ఎవడి సెవిలో పువ్వులెడతన్నారు?"

గంగులు బల్ల మీద గుద్దేసరికి, తుపాను షెల్టర్లో కూర్చున్న ఊరంతా ఉలిక్కిపడింది.

ఓట్లు లెక్కపెడుతున్న అరుణశ్రీ చేతిలో కాగితం బల్ల మీద పెట్టింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుతున్న ఈ పిల్లే మత్స్యకారుల సంఘం అధ్యక్షుడి ఎన్నికకి కొత్త పద్ధతి తెచ్చింది. పోటీలో ఉన్న ముగ్గురి పేర్ల ఎదురుగా ఇష్టాన్నిబట్టి ఒకటి, రెండు, మూడు అంకెలు వెయ్యాలి. ఒకట్లు తక్కువ పడ్డవాడు ముందే తప్పుకోవాలి.

"రెండో నంబర్లు నీకే ఎక్కువ పడ్డాయి మావా. ఒకటి మాత్రం ఒక్కరూ ఎయ్యలేదు" అంది మెల్లగా.

ఊళ్లోవాళ్ల మీద గంగులుకి కోపం లేదు. "మొదటిది మీకు నచ్చినోడికి ఏసుకోండి, రెండు మాత్రం నాకే ఎయ్యండి" అని పదిరోజులు గడపగడపకీ తిరిగి దండాలు పెట్టింది తనే. అందరూ మాట నిలబెట్టుకున్నారు.

"ఊరోళ్లు సరే. నా పెళ్లాం ఓటేది?"

గురమ్మ వెనక వరసలోంచి లేచింది. "నానూ రెండే ఏసినాను. సేపలు కోస్తన్నా, పక్కేస్తన్నా రెండెయ్యి రెండెయ్యి అని సెవులు తినీసినావు కదేటి!"

షెల్టరు గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి! మరి నా ఓటేదిరా? నా ఓటు నాకే పడనేదంటే ఓట్ల పెట్టి మార్చీసినట్టే కదా!"

నవ్వులు ఆగిపోయాయి. పోటీలో తన గెలుపు ఖాయమైపోయిందని అప్పటికే దండ వేయించుకున్న లక్ష్ముడు, దాన్ని మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిజమేనే పిల్లా. ఆడి ఓటు ఆడికైనా పడాల కదా" అన్నాడు అరుణశ్రీతో.

అరుణశ్రీ కాగితాలన్నీ మళ్లీ తిరగేసింది. ఇంకోసారి తిరగేసింది. సున్నా సున్నాగానే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తెడ్లతో తలలు పగలకుండా ఎన్నిక జరిగిందని పొద్దుట్నుంచీ ఎంత సంబరపడిందో.

"ఎక్కడ తప్పు జరిగిందో తెలీట్లేదు మావా. ఫిర్యాదు రాసియ్యి. రద్దు చేసి మళ్లీ పెడదాం."

పిల్లని చూస్తే గంగులుకి జాలేసింది. కానీ న్యాయం న్యాయమే. కుర్చీ లాక్కుని, ఆమె కలమే తీసుకుని, అందరికీ వినబడేలా పైకి చదువుతూ రాయసాగాడు. ఊరంతా మీద మీద పడి తొంగిచూసింది.

"అయ్యా... ఈ ఉదయం ఎనిమిది గంటలకు... నేను స్వయంగా నా చేత్తో... నా పేరు ఎదురుగా వేసిన అంకె..."

కలం ఎక్కడా తడుముకోలేదు. అలవాటుగా, గుండ్రంగా, '2' వేసేసింది.