ముప్పై ఎనిమిది గంటలు

"అక్కడ దీనికి కడుపునొప్పి వచ్చిందనుకో. ఇంగ్లీషులో చెప్పడం రాక తలనొప్పి అందనుకో. వాళ్ళు తలనొప్పి మాత్ర వేశారనుకో. అప్పుడేం గతి?"

షిఫ్రా ఇంకా సూట్‌కేసు మూయనేలేదు. తల్లి గిట్టెల్ మాత్రం అప్పుడే కూతుర్ని ఆస్పత్రిలో చేర్చేసింది.

"తలనొప్పి రాకుండా ఉంటుంది," అన్నాడు తండ్రి మెండెల్, పేపర్లోంచి తలెత్తకుండా.

"నీకన్నీ నవ్వులాటే!"

ఆంట్‌వెర్ప్‌లో షిఫ్రా చదివే యూదుల హైస్కూలుకీ, మెల్‌బోర్న్‌లో అలాంటిదే మరో స్కూలుకీ ఆ ఏడాదే ఒప్పందం కుదిరింది. ఇక్కడి పిల్ల నెల రోజులు అక్కడి ఇంట్లో ఉండి ఇంగ్లీషు నేర్చుకోవాలి. ఆ ఇంటి పిల్ల ఇక్కడికొచ్చి ఫ్రెంచి నేర్చుకోవాలి. ఆదివారం షిఫ్రా వెళ్ళింది. సోమవారం ఆమె మంచం మీదికి ఆ ఇంటి పిల్ల అదీనా వచ్చింది.

నాలుగు రోజులకే అదీనా ఫ్రెంచిలో గిట్టెల్‌ని ఆటపట్టించసాగింది. ఆ ఇంట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా వినిపించే మాటలు నాలుగే మరి. జాగ్రత్త, జలుబు, తలుపు, తాళం.

గిట్టెల్ రోజుకి మూడుసార్లు మెల్‌బోర్న్‌కి ఫోన్ చేసేది. తిన్నావా, స్వెటర్ వేసుకున్నావా, రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూశావా? అంతా బాగానే ఉందని చెవులారా విన్నాకే ఆమెకి ముద్ద దిగేది.

శుక్రవారం వచ్చిపడింది. ఆ సాయంత్రం దీపాలు వెలిగించింది మొదలు శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా యూదులకి సబ్బాతు, ఏ పనీ చెయ్యకూడని, ఫోనైనా ముట్టకూడని విశ్రాంతి దినం.

"పెట్టేస్తున్నానమ్మా. ఇక్కడ దీపాలు వెలిగించే వేళయింది," అంది షిఫ్రా.

గిట్టెల్ గడియారం చూసింది. ఆంట్‌వెర్ప్‌లో ఇంకా ఉదయం తొమ్మిదైనా కాలేదు.

"అంటే మీకు సబ్బాతు మొదలైపోయింది. ఇక నువ్వు ఫోన్ ముట్టవు. రేపు మీకు ముగిసేసరికి మాది సగంలో ఉంటుంది. అప్పుడు నేను ముట్టను. ఎండాకాలం ఒకటీ, ఇక్కడ చుక్కలు కనపడేసరికి రేపు రాత్రి పదకొండవుతుంది. ముప్పై ఎనిమిది గంటలు నీ క్షేమసమాచారం లేకుండా నేను బతకాలా వద్దా?"

"బతుకమ్మా, ప్లీజ్," అని నవ్వి పెట్టేసింది షిఫ్రా.

శనివారం మధ్యాహ్నం. ప్రార్థన ముగించుకుని ముగ్గురూ ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చున్నారు. ముందురోజు సాయంత్రం నుంచి సన్నటి సెగ మీద ఉడుకుతున్న మాంసం, చిక్కుడుగింజల కూరని మెండెల్ పళ్ళేల్లోకి వడ్డిస్తున్నాడు.

నడవలో ఫోన్ మోగింది.

మెండెల్ చేతిలో గరిటె ఆగింది. చాలాసేపు మోగి, అదే ఆగిపోయింది.

"ఎవరో తప్పు నంబరు," అన్నాడతను.

మళ్ళీ మోగింది.

"మనవాళ్ళెవరూ ఈ రోజు చెయ్యరు. బయటివాళ్ళకి ఈ నంబరే తెలీదు," అంది గిట్టెల్.

"మా ఊళ్ళో ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర, ఆంటీ," అంది అదీనా. "సబ్బాతు ఎప్పుడో అయిపోయింది. షిఫ్రా అయ్యుంటుంది. ఇక్కడింకా అవలేదని మర్చిపోయిందేమో."

"మర్చిపోతుందా? నిన్ననేగా గంటలు లెక్కపెట్టి మరీ చెప్పాను! మేం ఎత్తమని తెలుసు. తెలిసీ చేస్తోందంటే మామూలు సంగతా అది? లేదా దాని బదులు ఇంకెవరో చేస్తున్నారు. మీ అమ్మో, నాన్నో."

అదీనా చెంచా కింద పెట్టేసింది.

మూడోసారి మోగింది.

గిట్టెల్ లేచి నిలబడింది. "నేను ఎత్తుతాను."

"గిట్టెల్! ప్రాణం మీదికొస్తే సబ్బాతుని పక్కన పెట్టొచ్చు. పెట్టాలి కూడా. కాదనను. కానీ ప్రాణం మీదికొచ్చిందని నీకెవరు చెప్పారు?"

"ఎత్తితే కదా ఎవరైనా చెప్పేది!"

మెండెల్ గరిటె గిన్నెలో వదిలేసి ఆమె వెనకే నడవలోకి వచ్చాడు. అదీనా అతని వెనక.

"చేత్తో ఎత్తకు," అన్నాడు నీరసంగా. "మోచేత్తో. తప్పనిసరైనా సరే, రోజూ చేసినట్టు చెయ్యకూడదు."

ఆ ఇంట్లో కాపురం పెట్టాక ఒక్క శనివారమూ ఎవరూ ముట్టని ఫోన్ అది. గిట్టెల్ కళ్ళు గట్టిగా మూసుకుని మోచేత్తో ఒక్క తోపు తోసింది. రిసీవర్ జారిపడి, తీగకి వేలాడుతూ గోడకి కొట్టుకుంది. ఆమె నేల మీద చతికిలబడి దానికి చెవి ఆనించింది.

"షిఫ్రా! తల్లీ! నువ్వేనా?"

జవాబు లేదు.

"ఎవరు? ఎవరు మాట్లాడేది? దానికేమైంది? దేవుడి మీద ఒట్టు, దాచకుండా చెప్పండి!"

అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు మాత్రం వినిపించింది. మెండెల్ గోడకి ఆనుకున్నాడు. అదీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక నిమిషం గడిచింది.

చివరికి షిఫ్రా గొంతు వణుకుతూ వచ్చింది. "అమ్మా, నువ్వు ఎత్తవని తెలిసే, ఆ మోత వింటే నేను క్షేమమని నీకు తెలుస్తుందనే మోగిస్తున్నాను... సబ్బాతు పూట నువ్వు ఫోన్ ఎత్తావంటే, మనింట్లో ఎవరికేమైంది?"