పాకాల ఫైనల్

ఈ బట్టతల మనిషిని చూస్తుంటే ఏకాంబరానికి ఒళ్ళు మండిపోతోంది.

పాకాలలో కబడ్డీ ఫైనల్. ఎదురు నాయుడుపేట జట్టు. కెప్టెన్ తను. ఇంకో రెండు కూతలకు వెళ్ళివస్తే కప్పు మనదే. తను దిగకపోతే పోయినట్టే. తలకు కాస్త దెబ్బ తగిలిందని తెచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు. పైన ఫ్యాను తిరుగుతోంది. కబడ్డీ ఆడేవాడికి ఫ్యానుగాలి ఒకటి!

ఎదురుగా ఈ డాక్టరు. ఒకప్పుడు ఇతగాడూ ఆడేవాడట. ఇప్పుడు తల అదిరిన ఆటగాళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడట. టోర్నమెంటు జరిగే ఊళ్ళన్నీ తిరిగి, అలాంటివాణ్ణి ఆ రోజు మళ్ళీ దించవద్దని అంపైర్ల కాళ్ళావేళ్ళా పడుతున్నాడట. ఆ పొట్టేమిటి, ఆ మెత్తటి చేతులేమిటి! ఒక్క పట్టుకే అమ్మా అని ఏడ్చి ఇంటికి పోయిన రకం. ఆడలేనివాళ్ళంతా చివరికి ఆడేవాళ్ళకు నీతులు చెబుతారు.

డాక్టరు జేబులో ఏదో కూసింది. తీసి నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడిలా కూసే బొమ్మలు కూడా తెచ్చుకున్నట్టున్నాడు.

"ఇప్పుడు మనం యాడుండాము ఏకాంబరం?"

"పాకాలలో."

"ఎవరి మీద ఆడతా ఉండావు?"

"నాయుడుపేట మీద. నా బుర్ర బాగానే ఉండాది. నీదే ఎవరికన్నా సూపించుకో."

డాక్టరు నొచ్చుకోలేదు. ఈ పూటకు ఆట వద్దని నెమ్మదిగా చెప్పాడు. ఆ నెమ్మది చూసి ఏకాంబరానికి మరీ అసహ్యం వేసింది.

"మా జట్టు యోగానంద ఈడుంటే నీ మాదిరి సొల్లు సెప్పడు. మొగాన సోడా కొట్టి, పోరా అని లోపలికి తోస్తాడు. వాడు మగోడు. నువ్వు పిరికోడివి."

డాక్టరు తల దించుకున్నాడు. నిజమేనన్నాడు.

పైగా ఒప్పుకుంటున్నాడు, సిగ్గులేనివాడు! ఏకాంబరం విసురుగా లేవబోయాడు. మోకాళ్ళు లేవనివ్వలేదు. కూర్చోబెట్టి కూర్చోబెట్టి కాళ్ళు కూడా పాడుచేశారు వెధవలు.

తలుపు తోసుకుని, జుట్టు నెరిసిన ఆవిడెవరో టిఫిన్ క్యారియర్‌తో లోపలికి వచ్చింది. అవతల ఫైనల్ నడుస్తుంటే అన్నమేమిటో! ఆవిడ ఏకాంబరం తల నిమిరి, డాక్టరు వైపు తిరిగింది.

"యోగానందన్నా, ఇరవై ఏండ్లాయె, మా ఇంటాయన ఇంకా ఆ పాకాల ఆటలోనే ఉండాడా?"