లేచి నడిచిన గవరయ్య

గవరయ్య లేచి నడుస్తున్నాడని పక్కింటి సింహాలమ్మ వీధంతా చెప్పిందట. ‘రణకేతనం’ సినిమా తొమ్మిదో భాగం మేకింగ్ వీడియోలో చూసిందట. హీరోకి బదులు కొండ మీంచి దూకి, నవ్వుతూ లేచి టీ తాగాడట. మంచాన పడడమంతా నాటకమేనట.

నిజానికి అలా దూకినప్పుడే నడుం విరిగి గవరయ్య మూడేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. సినిమా కంపెనీ యంత్రం అల్లే వీడియోల్లో ఎవరికీ దెబ్బ తగలదు. ఈ రోజుల్లో అందరూ నమ్మే సాక్ష్యం మాత్రం వాటిదే. ఆ వీడియో చూసి ఆస్పత్రివాళ్లు అతన్ని మంచంలో పక్కకి తిప్పే ఇనప మరచేతిని పట్టుకుపోయారు.

భార్య పైడితల్లి గొడవ చేస్తే కంపెనీ మనిషి వచ్చాడు.

“కోపమెందుకమ్మా? పదో భాగం వీడియోలో మీ ఆయన్ని పరిగెత్తిస్తాం.”

ఆమె దుప్పటి లాగి మొగుడి వీపు మీది పుండ్లు చూపించింది.

“అయితే ఆ పరిగెట్టే మనిషిని మా ఇంటికి పంపు. ఈ మనిషిని నువ్వట్టుకుపో.”