ఆడవాళ్ల వైపు గుంజ

“సారూ, ఆ గుంజకాడ ఎవడో నిలబడుకోని ఉండాడు. లేచిపోండి, లేచిపోండి అని మమ్మల్ని తరమతా ఉండాడు.”

మస్తానమ్మ వచ్చి మొరపెట్టుకునేసరికి సంజీవరావు మాస్టారు స్టేజీ పక్కన మైకుసెట్టు దగ్గర కూర్చుని మురిసిపోతున్నాడు.

మురిసిపోడూ మరి! సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లోకి మైకు రావడం అదే మొదలు. అరవై ఒకటో సంవత్సరం క్రిస్మస్ నాటకానికని కావలి నుంచి బ్యాటరీతో సహా తెప్పించాడు. పట్టపుపాలెం జాలర్లనడిగి పెద్ద తెరచాప తెచ్చి, చర్చి ముందు ఇసకలో పందిరి వేయించాడు. గాలికి పెట్రోమాక్సు లైట్లు ఆరిపోకుండా సముద్రం వైపు కూడా ఆ గుడ్డనే కిందికి దించి బిగించి కట్టించాడు. పొరుగూరికి సైతం వినబడాలని లౌడుస్పీకరును ఆడవాళ్ల వైపు గుంజ మీద ఎత్తుగా కట్టించాడు. ఏర్పాట్లంటే మాస్టారివే అని పొద్దుటి నుంచీ ఊరంతా అంటూనే ఉంది.

పొద్దు గుంకాక గాలి పెరిగింది.

పైన తెరచాప పొట్ట ఉబ్బించుకుంటోంది. తాళ్లు కిర్రుమంటున్నాయి. సముద్రం హోరు నాటకం మాటల్లోకి చొరబడుతోంది. మాస్టారికి అవేవీ చెవికెక్కలేదు.

“ఎవడు వాడు?”

“మనూరోడు కాదు సారూ. ఇంత చలిలో ఒళ్లంతా చెమటలు. మాట ముద్దముద్దగా వస్తా ఉంది. తాగినాడు.”

మాస్టారు తొంగి చూశాడు.

గళ్ల లుంగీ, బనీను. గుంజకు వీపు ఆనించి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడికైనా అంత దర్జా ఉండదు.

అతని చుట్టూ ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, విసుక్కుంటూ దూరంగా జరుగుతున్నారు. ఆ చోటంతా దాదాపు ఖాళీ అయింది.

ఒక్క పిల్ల మాత్రం గుంజ పక్కనే కూర్చుని, నోరు తెరుచుకుని నాటకం చూస్తోంది. అది మాస్టారి కూతురు నవోమి.

ఆ మనిషి తల వంచి దానితో ఏదో అంటున్నాడు.

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగంగల్లో అక్కడికి చేరాడు.

“ఎవుర్రా నువ్వు?”

ఆ మనిషి పెదవులు కదిలాయి. నెత్తిమీద లౌడుస్పీకరులో హేరోదు రాజు బేత్లెహేము పిల్లల్ని చంపమని గొంతు చించుకుంటున్నాడు. ఒక్క ముక్క వినబడలేదు.

“ఏందిరా నువ్వనేది?”

“బిడ్డను తీసుకోని పో.”

“నా బిడ్డ సంగతి నీకెందుకురా?”

మాస్టారు చెంప ఛెళ్లుమనిపించాడు.

ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. వెనక ఉన్న చేతులు వెనకే ఉన్నాయి. దెబ్బకు పక్కకు తిరిగిన తల మెల్లగా ఇటు తిరిగింది. చూపు మళ్లీ నవోమి మీదికే వచ్చింది.

ఇంత పొగరా అనుకున్నాడు మాస్టారు. లోపల భయం కూడా వేసింది. దెబ్బ తిని కదలని మనిషి ఎంతకైనా తెగిస్తాడు.

ఆ మనిషి మళ్లీ నోరు తెరిచాడు. హేరోదు అరుపుల్లోంచి చివరి మాటలే బయటపడ్డాయి.

“... నలుగుర్ని పిలువన్నా.”

“పిలవమంటావా? ఉండు, పిలస్తా!”

మాస్టారు నవోమిని రెక్క పట్టుకుని లాక్కెళ్లి, దూరంగా కూర్చున్న భార్య ప్రేమలీలకు అప్పగించాడు. “దీన్ని వదిలినావంటే చూడు” అన్నాడు. స్టేజీ వెనక నుంచి క్రీస్తురాజు, సమాధానం అనే కుర్రాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ఇద్దరూ ఎద్దుల్లాంటి వాళ్లు.

వాళ్లను చూడగానే ఆ మనిషి ముఖం వికసించింది. నవ్వాడు కూడా.

“నవ్వతా ఉండాడు చూడండ్రా! ఈడ్చి పారెయ్యండి!”

చెరో రెక్కా పట్టుకుని లాగారు. కాళ్లు ఇసకలోకి దిగబడ్డాయి గాని ఆ మనిషి కదల్లేదు.

“వద్దన్నా! వద్దు!”

“రారా బయటికి!”

మళ్లీ లాగారు. ఈసారి అతని వీపు గుంజను వదిలింది.

ఆ క్షణంలోనే అతను ఇద్దరి రొమ్ముల మీదా చేతులు వేసి, ఉన్న బలమంతా పెట్టి దూరంగా నెట్టేశాడు.

“కొడతా ఉండాడ్రోయ్!” అని మాస్టారు కేకపెడుతుండగానే గుంజ, లౌడుస్పీకరు, తెరచాప అన్నీ ఒక్కసారిగా అతని మీద కూలాయి.

హేరోదు గొంతు పుటుక్కున ఆగిపోయింది.

కేకలు, ఏడుపులు. ఎవరి పిల్లల్ని వాళ్లు వెతుక్కున్నారు. లైట్లు పట్టుకుని నలుగురు మగవాళ్లు తెరచాప ఎత్తారు. ఆడవాళ్లు కూర్చున్న చోట ఖాళీ చాపలు తప్ప ఎవరూ లేరు. గుంజ కింద ఆ మనిషి ఒక్కడే బోర్లా పడి ఉన్నాడు. ఊపిరి లేదు.

“వీడే పెరికినాడు,” అన్నాడు మాస్టారు. “దేవుడి దయ, నా బిడ్డను ముందే తీసుకుపోయినా.”

తల్లి చెయ్యి విడిపించుకుని నవోమి అక్కడికి పరిగెత్తుకొచ్చింది.

“కాదు నాన్నా. గుంజ అడుగున ఫెటీల్మని ఇరిగింది. అప్పుడు ఈ మామే ఉరికొచ్చి వీపు పెట్టినాడు.”

మాస్టారు కూతురి వైపు తిరిగాడు.

“ఎప్పుడు తల్లీ?”

“గొల్లలొచ్చినప్పుడు.”

గొల్లల సీను ఆ నాటకంలో మొట్టమొదటిది. అప్పటినుంచీ ఆ పందిరికి గుంజ ఆ మనిషే.